మందు వాసన వచ్చే నుయ్యి

గోదావరికి ఎర్రనీరు రాకముందే ఈ మాటలు మీకు చేరాలి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కొన్నాళ్ళు ఆగితే ఇంతకంటే బాగా రాయగలనేమో. కానీ వరద వచ్చేశాక రాస్తే ఇందులో సగం మాటలు ఎందుకూ పనికిరావు.

మన హైస్కూల్లో సైన్సు చెప్పిన టీచరు గారు పోయిన నెలలో ప్రభువునందు నిద్రించారు. ఆ కబురు వచ్చేసరికి నేను అమలాపురంలో, రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే లాబ్‌లో ఉన్నాను. నా ఉద్యోగం అదే. ఉప్పలగుప్తం నుంచి వచ్చిన ఒక రైతు నా ఎదురుగా కూర్చుని ఉన్నారు. చెరువు శుభ్రం కావడానికి క్లోరిన్ కలిపారు. అది పూర్తిగా పోయిందో లేదో తెలుసుకోవడానికి సీసాలో నీళ్ళు తెచ్చారు. గాజు గొట్టంలో ఆ నీళ్ళు పోసి మందు చుక్కలు వేశాను. నీళ్ళు లేత పసుపు రంగులోకి తిరిగాయి.

"ఇంకా ఉందండి. రొయ్యపిల్ల ఇప్పుడే వదలకండి," అన్నాను.

"ఆయ్, ఆగుతానండి. పిల్ల చచ్చిపోతే ఇంకేం చేస్తామండి," అన్నారాయన.

అప్పుడు మా నాన్న ఫోన్ చేశారు.

"పనిలో ఉన్నావామ్మా?"

"ఉన్నాను నాన్నా. ఏంటి?"

"సరే, చేతిలో పని చూసుకునే రా. మధ్యలో వదిలేసి వస్తే ఆవిడకి నచ్చదు. టీచరమ్మగారు వెళ్ళిపోయేరమ్మా."

పసుపు నీళ్ళ గొట్టం చేతిలో అలాగే పట్టుకుని ఉండిపోయాను. "ఏవైందమ్మా?" అని ఆ రైతు అడిగితే, "మా టీచరు గారండీ," అన్నాను. ఆయన తన సీసా తీసుకుని మెల్లగా లేచారు.

ఇది చేతులు మారి మా ఊరు చూడని వాళ్ళకీ చేరుతుంది కాబట్టి కాస్త చెప్పాలి. రాజోలు దాటాక గోదావరి పాయలో ఉన్న లంక మాది. పంటు ఎక్కి ఏరు దాటి రావాలి. చుట్టూ నీళ్ళే అయినా తాగే నీళ్ళు అవతలి గట్టు నుంచి పైపులో వస్తాయి. వరదొస్తే అక్కడ మోటారు ఆగిపోతుంది. అప్పుడు మా పేట మొత్తానికి చర్చి వెనక మెరక మీదున్న నుయ్యే దిక్కు. బడి వదిలాక టీచరు గారు ఎక్కడున్నారని ఎవరైనా అడిగితే, ముందు ఆ నూతి గట్టు వైపే చెయ్యి చూపించేవాళ్ళం.

ఆమె దగ్గర చదివిన వాళ్ళకి క్లోరిన్ పాఠం గుర్తుండే ఉంటుంది. ఆ పాఠం ఎప్పుడూ గదిలో చెప్పేవారు కాదు. వరండాలోకి తీసుకొచ్చి, గాలి ఎటు వీస్తోందో చీర చెంగు పైకెత్తి చూసి, మమ్మల్ని గాలి వచ్చే వైపు నిలబెట్టేవారు. గాజు సీసాలో చిటికెడు బ్లీచింగ్ పౌడరు, దాని మీద రెండు చుక్కల యాసిడ్. సీసా వెనకాల తెల్ల కాగితం పట్టుకుని, "రంగు చెప్పండి," అనేవారు. ఒకరు ఆకుపచ్చ అంటే ఇంకొకరు పసుపు అనేవారు.

"రెండూ కాదు. వరిచేను పండబోయే ముందు ఎలా ఉంటుందో చూడలేదూ? అదీ," అనేవారు.

తరవాత రెండు ఎర్ర గుడ్డ పేలికలు తీసేవారు. ఒకటి పొడిది, ఒకటి తడిపినది. తడి పేలిక మా కళ్ళ ముందే వెలిసిపోయేది. పొడిది చాలాసేపు ఎర్రగానే ఉండేది. "తడి లేకపోతే దీని చేత పని అవదు. నీళ్ళతో కలిస్తేనే రంగు తీస్తుంది, పురుగుల్ని చంపుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మిగతాది మర్చిపోయినా ఫరవాలేదు," అనేవారు. కానీ మిగతాది కూడా మర్చిపోనిచ్చేవారు కాదు. ఈ వాయువు గాలికంటే బరువు, అందుకని పల్లానికి దిగుతుంది. ఒకప్పుడు యుద్ధంలో దీన్ని మనుషుల మీదకు వదిలితే కందకాల్లోకి దిగి, దాక్కున్న వాళ్ళని దాక్కున్నచోటే చంపింది. ఇంట్లో బాత్రూము కడిగే యాసిడ్, బ్లీచింగ్ కలిపితే పుట్టేది కూడా ఇదే. "తలుపేసుకుని ఆ పని చేసేరంటే మళ్ళీ తలుపు మీరు తియ్యరు," అని భయపెట్టేవారు.

అంత భయపెట్టాక ఉప్పు సంగతి చెప్పేవారు. నీళ్ళు తగిలితే మండిపోయే లోహం ఒకటి, పీలిస్తే ఊపిరి తీసే వాయువు ఒకటి. రెండూ కలిస్తే మనం కూరలో వేసుకునే ఉప్పు.

"ఆయ్, మా అమ్మా నాన్నా కూడా అంతేనండి!" అంది వెనక వరసలో ఒక పిల్ల.

మాతోపాటు టీచరు గారు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. "అయితే నువ్వే ఉప్పువి. కూర్చో," అన్నారు.

పరీక్షలో ప్రతి ఏడాదీ ఒకే ప్రశ్న వచ్చేది. క్లోరిన్ ధర్మాలు, ఉపయోగాలు రాయుము. మంచినీళ్ళు శుద్ధి చేయడం, బట్టలు తెల్లబరచడం, ప్లాస్టిక్ పైపులు చేయడం, మందుల తయారీ. అందరం బట్టీపట్టి రాసేవాళ్ళం. కాగితాలు దిద్ది ఇచ్చేటప్పుడు ఆమె ఒకే మాట అనేవారు. "ఉపయోగాలు రాయమంటే అందరూ రాస్తారు. ఆదివారం పొద్దున్న నూతి దగ్గరికి రమ్మంటే ఎవరూ రారు."

నేను వెళ్ళేదాన్ని. దానికి కారణం ఉంది.

నేను బాగా చిన్నప్పుడు ఒక పెద్ద వరద తీసిన తరవాత మా అక్క వాంతులు, విరేచనాలతో పోయింది. అక్క బడికి వెళ్ళలేదు. నన్నెత్తుకుని ఇంటి దగ్గరే ఉండేది, నీళ్ళు మోసేది. మా నాన్న కొబ్బరి చెట్లెక్కి కాయల దింపు తీసేవారు, అమ్మ పీచు మిల్లుకు వెళ్ళేది. ఇంట్లో ఎవరికీ అక్షరం రాదు. టీచరు గారు అప్పుడే మా ఊరికి కొత్తగా వచ్చారట. అక్క పోయిన మర్నాడు మా ఇంటికి వచ్చి, "ఏ నీళ్ళు తాగిందమ్మా?" అని అడిగారట. ఇదంతా నాకు గుర్తులేదు. అమ్మ చెప్పగా విన్నదే.

"పిల్ల పోయి నేనేడుస్తుంటే నీళ్ళ సంగతి అడుగుతారేంటండీ మీరు!" అని అమ్మ మండిపడింది. టీచరు గారు బురద వాకిట్లోనే కూర్చున్నారు. నన్ను చూపించి, "దీని కోసం అడుగుతున్నానమ్మా," అన్నారు.

నూతి నీళ్ళేనని నాన్న చెప్పారు. మర్నాడు పొద్దున్నే ఆమె నూతి దగ్గరికి బకెట్లు, పౌడరు తీసుకొచ్చారు. తాడు మా నాన్న పట్టుకున్నారు. కొన్నేళ్ళకు, "నీళ్ళ పని అయింది. ఇప్పుడు బడి," అని నన్ను చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళారు. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేను. చదవడం రాయడం ఆమె నేర్పినవే. ఈ రాతలో తప్పులుంటే అవి మాత్రం నావి.

నూతిలో మందు వేయడం చూడ్డానికి చిన్న పనే. కానీ చాలామంది పొడి పౌడరు గుప్పిళ్ళతో తీసి నూతిలోకి విసిరి, పని అయిందనుకుంటారు. టీచరు గారు అలా కాదు. పౌడరును బకెట్లో కొద్ది నీళ్ళతో ఇడ్లీ పిండిలా కలిపేవారు. ఇంకాసిని నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగేదాకా కదపకుండా ఉంచేవారు. పైనున్న తేట నీళ్ళు వేరే చేదలోకి వంచి, ఆ చేదను నూతిలోకి దించి, నీళ్ళలో పైకీ కిందకీ కదిపేవారు. ఆ తరవాత గంటసేపు ఎవరినీ తోడుకోనిచ్చేవారు కాదు. గట్టు మీద కాపలా కూర్చునేవారు. ఆమె నీలం చీరల అంచుల మీద అక్కడక్కడ రంగు పోయిన చుక్కలుండేవి. కొత్త చీర కట్టుకుని నూతి దగ్గరికి రాకూడదని ఆమెకు ఎప్పటికీ గుర్తుండేది కాదు.

ఆ గంటలోనే అసలు సందడి. మా పక్కింటి మామ్మ ఖాళీ బిందెతో వచ్చి గట్టు మీద కూలబడేది.

"ఏవండీ టీచరమ్మగారూ, మీ మందు నీళ్ళు పోసి రుబ్బితే మినప్పిండి పొంగట్లేదండి. ఇడ్లీలు రాళ్ళండి, రాళ్ళు!"

"నీళ్ళు వెడల్పు గిన్నెలో పోసి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మూత తీసి ఉంచండి. వాసన పోతుంది. అప్పుడు రుబ్బుకోండి."

"టీ కూడా బాగోటం లేదండి. కంపు."

"వాసన వస్తే భయం లేదు మామ్మా. వాసన రాని రోజునే భయపడాలి."

"అయితే ఇవి తాగితే మా పాపాలు కూడా తెల్లగా అయిపోతాయాండీ?"

"పాపాల సంగతి పాస్టరు గారు చూసుకుంటారు. పురుగుల సంగతి నేను చూసుకుంటాను."

మామ్మ తిట్టుకుంటూనే కూర్చునేది. గంట అయ్యాక మొదటి బిందె ఆవిడదే.

టీచరు గారికి నిజంగా కోపం వచ్చేది ఒక్క విషయంలోనే. పెద్ద అధికారి ఎవరైనా ఊళ్ళోకి వస్తున్నారంటే పంచాయతీ వాళ్ళు రోడ్డుకు రెండు వైపులా బ్లీచింగ్ పౌడరుతో తెల్లటి గీతలు వేస్తారు. మీ ఊళ్ళోనూ వేస్తారు, చూసే ఉంటారు. పెళ్ళికి, పండక్కి, మీటింగుకి, అన్నిటికీ అదే. శుభ్రత అంటే మనవాళ్ళకి ఆ గీతే. ఒకసారి కలెక్టరు గారు వస్తున్నారని రేవు నుంచి బడి దాకా గీత వేశారు. మా చర్చి సంఘపెద్ద గారు దగ్గరుండి వేయించారు. టీచరు గారు వంగి, ఆ పొడి వేలితో తీసి ఆయనకు చూపించారు.

"ఎండలో, పొడి మట్టి మీద వేసేరు. సాయంత్రానికి ఇందులో ఉన్నదంతా గాలిలో కలిసిపోయి ఉత్త సున్నం మిగుల్తుంది. ఇది మందండీ, ముగ్గు కాదు. దోమ కూడా దీన్ని చూసి నవ్వుకుంటుంది."

"దోమ నవ్వితే నవ్వనివ్వండి, కలెక్టరు గారు నవ్వకుండా ఉంటే చాలండి," అన్నారు సంఘపెద్ద గారు. ఆ మాటకి టీచరు గారికీ నవ్వొచ్చింది గానీ, ఆ రోజు నుంచి నూతికి కావలసిన పౌడరు వేరుగా పెట్టేశారు. చర్చి వెనక నీడలో ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, దానికి బిగుతు మూత. ప్రతి వేసవిలోనూ తాజా పౌడరు తెప్పించి నింపేవారు. వరద రోజులకని దాచినది అది. ఎవరడిగినా ఇచ్చేవారు కాదు.

రిటైరయ్యాక కూడా ఆమె లంక వదిలి వెళ్ళలేదు. రెండేళ్ళుగా గుండె బాగోక తాడు లాగలేకపోయారు. అప్పటి నుంచి ఆ పని నేను చేస్తున్నాను. వారమంతా పంటు దాటి, ఆటో ఎక్కి, అమలాపురం వెళ్ళి సాయంత్రం ఇల్లు చేరతాను. ఆదివారం ఒక్కరోజు మిగుల్తుంది. వానాకాలం వచ్చిందంటే అది నూతిది. టీచరు గారు గట్టుకు దూరంగా కుర్చీ వేయించుకుని కూర్చుని నన్ను కేకలేసేవారు. "గాలికి వీపు పెట్టు! ముక్కుకి గుడ్డ ఏదీ? తొంగి చూడకు, నూతిలోకి తొంగి చూడకు!"

ఒకసారి తాడు వదిలేసి, "నావల్ల కాదండీ. అలిసిపోయాను," అన్నాను. ఆమె కుర్చీలోంచి లేచి నన్ను అందులో కూర్చోమన్నారు.

"అలిసిపోతే కూర్చో. మానెయ్యకు. కూర్చోడం వేరు, మానెయ్యడం వేరు," అన్నారు.

ఈ మధ్య ఆ మాట నాకు రోజూ గుర్తొస్తోంది. ఇంకా అలసటగానే ఉంది.

కబురు వచ్చిన రోజే భూస్థాపన. మధ్యాహ్నం పంటు దిగేసరికి రేవు నుంచి ఆమె ఇంటి దాకా, అక్కడి నుంచి సమాధుల తోట దాకా, రోడ్డుకు రెండు వైపులా తెల్లటి గీతలు. ఎంత శ్రద్ధగా వేశారంటే ఎక్కడా వంకర లేదు. నాకు అనుమానం వచ్చి ముందు చర్చి వెనక్కి వెళ్ళాను. డ్రమ్ము మూత పక్కన పడి ఉంది. లోపల అడుగు కనిపిస్తోంది.

సంఘపెద్ద గారు రోడ్డు మీదే ఉన్నారు. చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

"ఈ పౌడరు ఎక్కడిదండీ?" అన్నాను.

"నూతి దగ్గర డ్రమ్ములోదేనమ్మా. ఆవిడది ఆవిడకే వాడేం."

"వరదకని దాచేరండి అది."

"తెలుసమ్మా. మరి ఆవిడ్ని ఉత్త రోడ్డు మీద ఎలా తీసుకెళ్ళమంటావు? కలెక్టరు గారొస్తే వేసేం. ఆవిడకి వెయ్యమా?"

ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. మా పేట వాళ్ళ దగ్గర ఉన్న మర్యాదల్లోకెల్లా పెద్ద మర్యాద అది. ఆమెకు అస్సలు నచ్చనిదీ అదే.

పెట్టెను ఆ గీతల మధ్య నుంచే తీసుకెళ్ళాం. పాటలు పాడి, ప్రార్థన చేసి, మట్టి వేసి వెనక్కి తిరిగామో లేదో వాన పట్టుకుంది. వేసవి వాన, ఒక్కసారిగా కురిసింది. పొడిగా పడున్న పౌడరుకు తడి తగిలింది. రోడ్డు పొడుగునా ఆ వాసన గుప్పుమని లేచింది. నూతి గట్టు మీద ఆదివారం పొద్దున్న వచ్చే వాసనే. అందరూ చెంగులూ రుమాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. పక్కింటి మామ్మ మాత్రం పెట్టుకోలేదు. వానలో నడి రోడ్డు మీద ఆగిపోయి, గట్టిగా గాలి పీల్చి, "టీచరమ్మ నూతి దగ్గర్నుంచి వస్తన్నట్టుందే," అంది.

సంఘపెద్ద గారు తెల్లటి నీళ్ళు పక్క కాలవలోకి జారిపోవడం చూస్తూ నిలబడ్డారు. "అంతా పోతందమ్మా," అన్నారు నాతో.

ఇక ఇప్పటి సంగతి. డ్రమ్ము నింపడం కష్టం కాదు. కొత్త పౌడరు నేను పనిచేసే చోటి నుంచి తెస్తాను. కష్టం వేరే ఉంది. ఆమె జ్ఞాపకార్థం చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక నాటికే పేటలో ఒక మాట పుట్టింది. "ఆ మందు పీల్చి పీల్చే టీచరమ్మ పోయేరు," అని. అంతకుముందు సాయానికి వస్తామన్న ఆడపిల్లలు ఇప్పుడు రావడం లేదు. వాళ్ళ అమ్మలు పంపడం లేదు. నేను వాళ్ళను తప్పు పట్టను. ఆమె పోయింది గుండె జబ్బుతోనని డాక్టరు గారు చెప్పారు. ఆ జబ్బు ఆమెకు చాలాకాలంగా ఉంది. ఈ మందుతో ప్రమాదం లేదని మాత్రం నేను అనను. ఉంది. అందుకే ఆమె గాలికి వీపు పెట్టమన్నారు, ముక్కుకి గుడ్డ కట్టుకోమన్నారు, తొంగి చూడొద్దన్నారు, యాసిడ్ దగ్గర పెట్టొద్దన్నారు. అంత భయపెట్టి మరీ చేతికి బకెట్ ఇచ్చారు. ఆమె మీద నాకు అందుకే నమ్మకం.

కానీ మొన్న మా అమ్మ నేను తాడు ముడి వేసుకుంటుంటే వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఒకదాన్ని నీళ్ళు తీసుకెళ్ళేయి. ఇంకోదాన్ని మందు తీసుకెళ్తే నేనేమైపోవాలే?"

మందు వేయకపోతే ఏమవుతుందో అమ్మకు నాకంటే బాగా తెలుసు. ఆమెకు రెండు భయాలూ నిజమే. నేను మానేస్తే ఈసారి వరదకి నూతిలో మందు వేసేవాళ్ళు లేరు. మానకుండా ఉండాలంటే ఒక్కదాన్నే కాకుండా ఉండాలి. నలుగురం ఉంటే, "ఈ వారం వంతు నాది కాదులే అమ్మా, కూర్చుంటాను," అని చెప్పగలను. టీచరు గారు కూర్చోమన్నారు కదా.

ఆమె దగ్గర క్లోరిన్ ఉపయోగాలు రాసి మార్కులు తెచ్చుకున్న వాళ్ళల్లో లంకలోనూ, చుట్టుపక్కలా ఇంకా చాలామంది ఉన్నారు. మీలో ఎవరైనా వానాకాలంలో ఒక్కో ఆదివారం వంతు తీసుకోగలరా? రాకపోయినా, మీ ఇంటి ఆడపిల్లలను భయం లేకుండా పంపగలరా? పని నేను నేర్పుతాను. సంఘపెద్ద గారు మొదటి ఆదివారం తనదే అన్నారు. ఆయన మోకాళ్ళు తాడు లాగనివ్వవు. కుర్చీలో కూర్చుని, "తొంగి చూడకు!" అని కేకలేసే పని ఆయన చేస్తారట.

వస్తారో రారో జూన్ ముప్పయ్యో తేదీలోగా నాకు గానీ ఆయనకు గానీ చెప్పండి. రాలేమన్నా సరే, ఆ మాటైనా చెప్పండి. డ్రమ్ము కడిగి, నూతి గట్టు మీద బోర్లించి ఆరబెట్టాను.